షట్టరుకు రెండు తాళాలు

తమ్ముడూ,

రోజూ పొద్దున తొమ్మిదింటికి షట్టరు దగ్గర పక్కపక్కనే నిలబడతాం. అయినా నీతో మాట్లాడడానికి నోరు రాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కేసు నేనే గెలిచాను. పుస్తకాల బైండింగ్ షాపు మనిద్దరి పేరు మీద ఉన్నా, చెల్లికి పని చేతికొచ్చేదాకా కాపాడమని నాన్న మనకు అప్పజెప్పిందేనని, నా సంతకం లేకుండా పక్క షాపాయనకు నువ్వు అమ్మడం కుదరదని జడ్జిగారు తేల్చేశారు. నీ వకీలు నన్ను నిలదీశాడు చూడు, "ఇందులో మీకేం వస్తుందమ్మా?" అని. "ఏమీ రాదండీ, అందుకే ధైర్యంగా నిలబడ్డాను" అన్నాను. తలెత్తుకునే చెప్పాను.

కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. నాన్న పెట్టిన పద్ధతి ప్రకారం ఒక తాళంచెవి నీ దగ్గర, ఒకటి నా దగ్గర; రెండు తాళాలూ తీస్తేనే షట్టరు లేస్తుంది. కేసు నడిచిన ఈ రెండేళ్లలో నువ్వు రావడం మానేసి ఉంటే షాపు మూతపడి అమ్మక తప్పేది కాదు, కోర్టుతో పనే ఉండేది కాదు. నువ్వు జ్వరంతో కూడా వచ్చి నీ తాళం తీసి వెళ్లావు. మొండి వెధవా! "వాడు నా తమ్ముడండీ" అని ఆ సంగతి జడ్జిగారికి కూడా గొప్పగా చెప్పాను.

చెల్లికి పని చేతికొచ్చింది కాబట్టి సోమవారం షాపును దాని పేరున రాస్తున్నారు. మనిద్దరం సంతకాలు పెట్టాలి. తాళంచెవులు కూడా తనకే ఇచ్చేస్తామని చెల్లితో అంటే, జిగురు చేతులు తుడుచుకుంటూ ఏమందో తెలుసా?

"రెండు తాళాలూ అలాగే ఉండనీ అక్కా. లేకపోతే అన్నయ్య పొద్దున్నే ఎందుకొస్తాడు?"

నీకంటే మొండిదైన
నీ అక్క