ఎలుగ్గొడ్డు ముఖానికి ఏ లెన్సు?

జనవరి 19, సోమవారం

చెప్తాండా, రాసుకో.

నాకు చదువు లే. ఈ ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసుకుంటాదని మనవడి పెండ్లాం అక్షర చూపించింది. తేదీ కూడా అదే వేసుకుంటాదంట. ఏం రాస్తాందో నేను చదవలేను. చదవగలిగినోళ్ళకు చూపించను. అయినా చెప్తా. ఈ ఇంట్లో నా మాట కడదాకా వినేది ఇదొక్కటే. మధ్యలో మీటింగ్ ఉండాదని లేచిపోదు.

సంగతి ఇది. మనవడు అచ్యుత్ వచ్చే నెల సఫారీకి పోతాండాడు. కబిని అడివికి, పులిని ఫోటో తీసేదానికి. కెమెరా ఉండాది గానీ దానికి ఏ లెన్సు పెట్టల్లో తెలక ఇంట్లో ఒకటే గలాటా. అన్నం కాడ నూరు నాలుగునూర్లు అంటాడు. స్నానానికి పోతా పోతా రెండునూర్లు ఆరునూర్లు అంటాడు. వాడి ఫ్రెండు లలిత్ ఫోన్ చేసి మళ్ళీ అదే. ఏందప్పా ఈ నూర్లు అని అడిగినా. లెన్సు ఎంత దూరం పట్టుకుంటాదో దాని కొలతంట.

ఆ ఆరునూర్లది ఏం చేస్తాది అన్నా. యాడో దూరంగా ఉండే జంతువును కండ్ల ముందుకు తెస్తాదవ్వా, ముఖాన వెంట్రుకలు కూడా కనపడతాయి అన్నాడు.

దానికి మనం కనపడమా అన్నా. కనపడం అన్నాడు.

అప్పటి నుంచి నాకు కుదురు లే.

జనవరి 20, మంగళవారం

నా కేసు చెప్తా. కోర్టులో చెప్పినట్టే చెప్తా.

మాది బాగేపల్లి పక్క. నా కూతురు పుష్పావతి అప్పుడు ఉయ్యాల్లో ఉండె. సీతాఫలాల కాలం. పొద్దున్నే గుట్ట ఎక్కినా, బుట్ట తీసుకొని. ఒక పొద దాటినా. వెనక నుంచి వచ్చింది. కంపు కొట్టింది, ఊపిరి తగిలింది, అంతే. నేను పడింది బోర్లా. కుడిపక్క ముఖం దానికి పోయింది. జనం అరుస్తా వచ్చినారు, అది పోయింది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో కుట్టినారు. కన్ను మిగిలింది. చెంప మాత్రం కుట్టు విప్పేసిన పాత బొంత మాదిరి ఉండాది. నోరు ఒక పక్కకు లాగుతాది.

ఆపొద్దు నుంచి లోకమంతా ఈ ముఖాన్ని చూస్తాండాది. బస్సులో చూస్తారు, లిఫ్టులో చూస్తారు, చిన్నపిల్లోళ్ళు ఏడుస్తారు. అది కూడా చూసిందో ఏమో నన్ను. నేను దాని ముఖం చూడలే. ఇదీ నా కేసు. నాకింత చేసిందాని ముఖం నాకు తెలీదు.

బన్నేరుఘట్ట జూకు తోలుకొని పోయినారు ఒకసారి. ఆడ ఉండేది గోడ అవతల పండుకొని వీపు చూపించింది. టీవీలో చూపిస్తారు, అది టీవీది. నాకు కావాల్సింది గుట్ట మీద తిరిగేది. దూరం నుంచి. దానికి నేను కనపడకుండా.

నోరు నొప్పిగా ఉండాది. సాలు ఈపొద్దుకు.

జనవరి 22, గురువారం

మా ఇంట్లో దాని పేరు పలకరు. అప్పట్లో మా అత్త పెట్టిన ఆన. పేరు ఎత్తితే వింటాదంట, వస్తాదంట. నల్లప్ప అనల్ల. నల్లప్ప మీద పడినాడు, నల్లప్ప గీరినాడు, ఇట్లే. పుష్పావతి దీన్ని ఈ కుందలహళ్ళి అపార్ట్‌మెంటు దాకా మోసుకొచ్చింది. తొమ్మిదో అంతస్తుకు లిఫ్టు ఎక్కి వస్తాదేమో మరి.

పొద్దున పుష్పావతితో ముఖానే చెప్పినా. నేనూ సఫారీకి వస్తా, ఎలుగ్గొడ్డును చూడల్ల అని. దాని చేతిలో గరిటె సాంబారులో పడింది. నోరు కడుక్కో అమా అంది. నడుము నొప్పితో బాత్రూముకు పోలేవు, అడివికి పోతావా అంది. నీ మనవడు పులి కోసం పోతాంటే నువ్వు ఆ దరిద్రాన్ని ఎతుక్కుంటా పోతావా అంది. ఇంకా శానా అంది. నేనూ అన్నా.

మధ్యాన్నం అక్షర నా రూములోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. గుంటూరు పక్క పిల్ల, మర్యాద ఎక్కువ. అమ్మమ్మగారూ, ఒకటి అడుగుతాను ఏమనుకోకండి, ఆ నల్లప్ప అనేవాడు ఇంకా బతికే ఉన్నాడా అంది. మీరు పోలీసు కేసు పెట్టలేదా అంది.

పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఈ పిల్ల నల్లప్ప అంటే మనిషి అనుకుంటాండాది! వాడెవడో నా ముఖం చెక్కినాడని. అందుకే నేను ఒంటరిగా ఉంటే వచ్చి ఊరికే పక్కన కూర్చునేది. నవ్వినా నవ్వినా, కుట్ల కాడ పీకేదాకా నవ్వినా. తల్లీ, వానికి నాలుగు కాళ్ళు, ఒళ్ళంతా బొచ్చు అన్నా. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతా నవ్వుతా ఏడ్చింది. మా ఆయనతో నేను మాట్లాడతాను అమ్మమ్మగారూ అంది.

జనవరి 24, శనివారం

మాట్లాడినారు. ఏం ప్రయోజనం లే.

అచ్యుత్ వచ్చి నా మంచం మీద కూర్చొని ఆఫీసులో ఎవురికో చెప్పినట్టు చెప్పినాడు. కబినిలో అది కనపడుతుందని గ్యారంటీ లేదవ్వా. దానికైతే హంపి పక్క దరోజికి పోవల్ల. ఆడ టవర్ మీద కూర్చొని కింద బండల దిక్కు చూస్తా ఉండేదే పని. జీపు లే, తిరిగేది లే, పులి లే. బోర్ అవ్వా. లలిత్ ఏమనుకుంటాడు, ఆరు నెలల నుంచి ప్లాన్.

పులి నీకేం చేసిందప్పా దాని వెనక పడినావు అన్నా. ఏం చేయలేదు అన్నాడు. నాకు ఆ నల్లది చేసింది అన్నా. లేచిపోయినాడు.

వాడు మంచోడే. మంచోళ్ళతో పోట్లాడితేనే ఎక్కువ అలుపు.

జనవరి 25, ఆదివారం

ఈపొద్దు ఎవురితోనూ మాట్లాడలే. నీతో కూడా మాట్లాడను.

జనవరి 26, సోమవారం

సెలవు. అందరూ ఇంట్లో ఉండారు. అచ్యుత్‌ను పిలిచి మీ పెండ్లి ఆల్బం తీసుకురా అన్నా. తెచ్చినాడు. నేను యాడుండానో చూపించు అన్నా. తిప్పినాడు, తిప్పినాడు. ఒకదాంట్లో ఉండాను. ఎడమపక్క మాత్రమే. వక్కాకు తట్ట దిక్కు చూస్తాండాను.

నీకు జ్ఞాపకముందా అన్నా. ఆ ఫోటో అబ్బాయి అజ్జీ, స్వల్ప ఆ కడె తిరగండి అన్నాడు, ముఖం రోంత అవతలికి తిప్పమని. ఎంత మర్యాదగా అన్నాడు. మీ అమ్మ పెండ్లిలోనూ ఒకడు అట్లే అన్నాడు, నీ నామకరణానికీ ఇంకొకడు. నేనే అలవాటు పడిపోయినా, కెమెరా కనపడితే మెడ అదే తిరుగుతాది. మీ లెన్సులు ఎంత పెద్దవైనా నా ముఖాన్ని సగమే చూసినాయి. నేను ఫోటో అడగలేదప్పా. ఒక్కసారి ఆ బొక్కలో నా కన్ను పెట్టనీ. అంతే అడిగేది.

వాడు ఆల్బం మూసినాడు. చెప్పులేసుకొని కిందికి పోయినాడు. గార్డెన్‌లో ఫోన్ పట్టుకొని అటూ ఇటూ తిరిగినాడు, పైనుంచి చూస్తానే ఉండా. పైకి వచ్చి, దరోజికి బుక్ చేసినా అన్నాడు. లలిత్ ఎగతాళి చేసినాడంట. పులిని వదిలేసి కరడి కోసమా, ఆ ఎలుగ్గొడ్డు కోసమా మగా, పెళ్ళాం చెప్పిందా అని. లేదు, అవ్వ చెప్పింది అన్నాడంట. లలిత్ ఫోన్ పెట్టేసినాడంట.

పుష్పావతి అన్నం తినలే. నేను తిన్నా.

జనవరి 31, శనివారం

లెన్సులు అద్దెకిచ్చే అంగడికి పోయినాము. నేనూ వస్తానన్నా. నా కన్నుకు కావాల్సింది నేను చూసుకోకుండా ఎట్ల?

ఆడ గాజు బీరువాల్లో లెన్సులు వరసగా పెట్టినారు, నగల అంగడి మాదిరి. అంగడాయన అచ్యుత్‌తో ఒకటే మాట. జూమ్ తీసుకోండి సార్, రెండునూర్లు ఆరునూర్లది. దగ్గరికీ పనికొస్తాది, దూరానికీ పనికొస్తాది. పక్కనే తెల్లది ఒకటి ఉండె, లావుగా, పురిటి బిడ్డంత బరువు. అది వట్టి ఆరునూర్లే. దగ్గరికి రాదు, తగ్గదు, పెరగదు. కెమెరాకు తగిలించి కిటికీ కాడ పెట్టినారు, కన్ను పెట్టినా. రోడ్డు అవతల బీడా అంగడోని చెవి కనపడింది. చెవిలో వెంట్రుకలు. చెవి వెనక మచ్చ. వానికి నా సంగతే తెలీదు, ఆకుకు సున్నం పూస్తాండాడు.

ఇదే కావల్ల అన్నా.

అచ్యుత్ బతిమాలినాడు. అవ్వా, జంతువు దగ్గరికి వస్తే దీంతో ఏమీ చేయలేం, ఉత్త నలుపు కనపడతాది అన్నాడు. నా చిన్న లెన్సు లలిత్ తీసుకున్నాడు, ఇదొక్కటే మనకు, జూమ్ అయితే రెండు రకాలుగా పనికొస్తాది అన్నాడు.

దగ్గరికి ఎందుకు వస్తాదప్పా అన్నా. దగ్గర ఒకసారి అయింది. నాకు దూరమే కావల్ల. ఎంత దూరముంటే అంత.

అంగడాయన నా ముఖం చూసినాడు. తెల్లదాన్ని సంచిలో పెట్టినాడు. నా ముఖానికి ఒక్కోసారి ఈ పని కూడా ఉండాది.

ఫిబ్రవరి 5, గురువారం

బాల్కనీలో ప్రాక్టీసు. గద్దల మీద. కుడి కన్ను నీళ్ళు కారుతాది, ఎడమ కన్నుతో చూస్తాండా. మెడ పట్టేసింది. కాళ్ళు పీకుతాండాయి. ఇంకా బయల్దేరనే లే.

ఫిబ్రవరి 7, శనివారం

కారులో. లెన్సు సంచికి సీటు బెల్టు కట్టినాడు. నాకు దిండు ఇచ్చినారు. చిత్రదుర్గ దాటినాక నడుము నాది కాదు. పుష్పావతి రాలే. లిఫ్టు కాడ నిలబడి నా నుదుటన విభూతి పెట్టింది.

ఫిబ్రవరి 8, ఆదివారం. చీకటి పడినాక

కారులోనే ఉండాం. చెప్తా. రోంత నీళ్ళు తాగి చెప్తా.

మధ్యాన్నం టవర్ ఎక్కించినారు నన్ను, ఒకరు ముందు లాగి ఒకరు వెనక నూకి. కింద ఎంతో దూరంలో బండలు. వాటి మీద తీపి పూస్తారంట, అవి దిగొచ్చి నాకుతాయంట. సంచిలో బఠానీలు నింపిన మెత్త మీద లెన్సు పెట్టి అచ్యుత్ కాచుకొని కూర్చున్నాడు. ఎండ. మాట లే. ఈగలు.

వచ్చినాయి. ఉత్త కంటికి నల్ల చీమలు. అచ్యుత్ తిప్పి తిప్పి కుదిర్చి, రా అవ్వా, బిన్నా రా, తొందరగా అన్నాడు. కన్ను పెట్టినా. ఉండాది! వీపు. బొచ్చు గాలికి లేస్తాంది. తిరుగు, తిరుగు అంటాండా లోపల. తిరిగింది. ముఖం నీళ్ళలో మాదిరి ఊగుతాంది. ముక్కేదో కన్నేదో తెలీలే. బండలు కాగి పైన గాలి ఉడుకుతాందంట, ఇంత దూరం నుంచి ఏ లెన్సుకైనా అంతే అంట. ఎండ దిగేదాకా చూసినా. ఎండ దిగేటప్పటికి అవి పోయినాయి.

ఇంత మందిని ఇంత దూరం ఈడ్చుకొచ్చినా. పాపం అక్షర, ఇంకొకసారి వద్దాం అమ్మమ్మగారూ అంటాంది. నా వయసుకు ఇంకొకసారి ఏంది?

దిగినాం. కారు కాడికి నడుస్తాండాం, నేను ముందు, చేతికర్ర పట్టుకొని. ముందు వచ్చింది ఆ కంపు. నాకు తెలుసు ఆ కంపు. నిలబడిపోయినా. కంప చెట్టు పక్కన అది. మధ్యలో ఒక కారు పట్టేంత జాగా, అంతే.

వెనక నుంచి అడివి గార్డు నిల్లి, అల్లాడబేడి అన్నాడు, కదలొద్దని, మెల్లగా. అచ్యుత్ లెన్సు లేపినాడు. ఫోకస్ కావడం లేదు, నలుపే, అంతా నలుపే అని గొణుగుతాండాడు. అక్షర చేతిలో ఫోన్ ఉండాది గానీ చేయి లేవలే. అందరూ నా వెనకే ఉండారు. నాకూ దానికీ మధ్య ఏ లెన్సూ లే.

తల ఎత్తింది. చూసినా. దాన్ని ఎట్లెట్ల తిట్టల్లో ఎప్పటి నుంచో కట్టి పెట్టుకున్నా, ఒక్కటీ రాలే. అదీ చూసింది. నేను ముఖం తిప్పలే.

రోంత సేపు. అటు తిరిగి పోయింది, తొందరేం లేకుండా.

నేను ఆడనే కూలబడినా. ఎత్తుకొచ్చి కారులో వేసినారు. ఒక్క ఫోటో కూడా రాలేదవ్వా అని అచ్యుత్ ఏడుపు ముఖం. జూమ్ తెచ్చుంటే ముఖం మొత్తం పడేదంట. నిజమే, నా తప్పే, నేనే ఒప్పుకోలే అని చెప్పినా. వాడు నా చేయి పట్టుకున్నాడు.

ముఖం ఎట్లుండాదో ఇప్పుడు చెప్పలేను.

ఫిబ్రవరి 10, మంగళవారం

పుష్పావతి ఈపొద్దు వచ్చి నా కాళ్ళ కాడ కూర్చునింది. తల వంచుకొని, ఎట్లుండాదమా దాని ముఖం అని అడిగింది.

అలసిపోయినట్టు ఉండాది అన్నా.