రెండో తలుపు

బావగారికి,

మీ చెల్లెలు వేళకు తింటోంది. నిద్రే పట్టడం లేదు.

మొన్న పాఠశాలల బోర్డులో సభ్యుడిగా మొదటిసారి కూర్చున్నాను. బడులు బాగుపడటానికి ఏం చేయాలో కొత్తవాళ్లను చెప్పమన్నారు. ఒకాయన కంప్యూటర్లన్నారు, ఒకావిడ ఆటస్థలాలన్నారు. నేను ప్రతి తరగతి గదికీ రెండో తలుపు కావాలన్నాను.

"అంతేనా?" అన్నారెవరో.

"అంతేనండి."

మన పాప వాళ్ల తరగతి గదిలో మంటలు తలుపు దగ్గరే లేచాయని, పాప బయటికి రాలేకపోయిందని అక్కడ అందరికీ తెలుసు. మళ్లీ కట్టిన గదికీ ఒక్క తలుపే పెట్టారు. అధ్యక్షురాలు, "కొత్త గ్రంథాలయానికి మీ అమ్మాయి పేరు పెడదామండి. తలుపుల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. పేరు వద్దు, తలుపులు పెట్టించండి అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. సంతోషం మాత్రం కలగలేదు.

ఇంటికొచ్చి చెబితే మీ చెల్లెలు, "అయితే దాని పేరు ఎక్కడా ఉండదన్నమాట" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

సోమవారం పాప బడిలోనే పని మొదలు. గోడ పగలగొట్టేటప్పుడు నేను అక్కడ ఉండాలి. ఆ రోజు మీరు వచ్చి తన దగ్గర కూర్చోండి. నా తరఫున ఏమీ చెప్పొద్దు. పాప గురించి మాట్లాడితే వినండి, చాలు.

ఇది రాస్తుంటే తనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గోడ కొట్టేటప్పుడు పిల్లలెక్కడ ఉంటారు?"

"వేరే గదిలో కూర్చోబెడతారు."

"ఆ గదికి ఎన్ని తలుపులు?"

నేను చూడలేదు బావగారూ. చూసి రావడానికి ఇప్పుడే బయల్దేరుతున్నాను. చెప్పులేసుకుని తనూ వస్తోంది.

మీ
బావ