నాయన కాలి కొలత

కుప్పం,
ఆదివారం.

అక్కకు,

తమ్ముడు రెడ్డెప్ప దండాలు పెట్టి రాసుకునేది. ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, బావ, పాప బాగున్నారని అనుకుంటూనే ఈ కాగితం ముందు కూర్చున్నాను. నీ నడుం నొప్పి ఎట్లుంది? బావకు దగ్గు తగ్గిందా? పాపకు పళ్ళు వచ్చినాయని రాసినావు కానీ ఎన్ని వచ్చినాయో రాయలేదు. గొర్రెలను బావే తోలుకుపోతున్నాడా, మనిషిని పెట్టుకున్నారా? పెద్దమండ్యం పక్క వాన పడిందని బస్సులో ఒకాయన చెప్పినాడు. మన చేనిదాకా వచ్చిందో లేదో రాయి.

నాయన పోయినాక పెద్దదినం చేసుకొని నేను బస్సెక్కి వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో నీకు రెండు కార్డుముక్కలు రాసినాను. రెండింటిలోనూ బాగున్నాను అనే మాట తప్ప ఏమీ లేదు. ఈసారి పెద్ద ఉత్తరం. పని తెముల్చుకొని, పాపను నిద్రపుచ్చి, ఒక్కదానివే కూర్చొని చదువు.

నా గురించి దిగులు పడొద్దు. తిండికి లోటు లేదు. నేను, డ్రైవరు మునిరత్నం ఒకే గదిలో ఉంటున్నాము. వంట నేను చేస్తే గిన్నెలు ఆయన కడుగుతాడు. ఆయన సగం అరవం కలిపి తెలుగు మాట్లాడతాడు, నేను అంతా అర్థమైనట్టు తల ఊపుతాను. హోటల్లో ఎప్పుడు చూసినా సాంబారే. సంగటి మీద మనసు పుట్టి ఒకరోజు నేనే కెలికినాను. సగం ఉండలు కట్టింది. మునిరత్నం ఒక ముద్ద తిని, "ఇది తినేదా రెడ్డెప్పా, గోడకు పూసేదా?" అన్నాడు. నువ్వుంటే ఇద్దరినీ తిట్టి, గెంటె లాక్కొని నువ్వే కెలికేదానివి.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే మొదటి బస్సు నాది. కుప్పంలో బయలుదేరి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె పోయి, మళ్ళీ అదే దారిన తిరిగి వస్తాము. పట్టుగూళ్ళ బుట్టలు, పాలక్యాన్లు, టమోటా గంపలు, వాటి మధ్యన మనుషులు. కుప్పంలో టికెట్టు అరవంలో అడుగుతారు, కొంత దూరం పోతే కన్నడంలో అడుగుతారు, పుంగనూరు దాటితే గానీ మన మాట చెవిన పడదు. మదనపల్లె స్టాండులో ఎవరన్నా "ఈ బస్సు యాడికి పోతాదప్పా" అని అడిగితే, ఆ మనిషిని ఇంకొంచెం సేపు మాట్లాడించాలనిపిస్తుంది. రోజంతా జనం మధ్య నిలబడేవానికి ఒంటరితనం ఏమిట్రా అంటావు. అందరూ కండక్టర్ అంటారు గానీ, రెడ్డెప్పా అనేది మునిరత్నం ఒక్కడే.

ఇప్పుడు నీకు దాచిన సంగతి చెప్తాను. కంగారు పడొద్దు, ప్రాణం మీదికి వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు ఎడమ మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే తుమ్మముల్లు దిగినట్టే ఉంటుంది. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగి నిజమైన తుమ్మముళ్ళే తొక్కినాను. నాయన సూదితో తీసి, ఉమ్ము పూసి, ఇంక పోరా అనేవాడు. ఈ నొప్పికి తీయడానికి లోపల ముల్లు లేదు. బస్సులో పొద్దస్తమానం నిలబడే పని, డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఒళ్ళంతా ఆ మడమ మీదికే వస్తుంది.

చేరినప్పుడు కుప్పంలో కొన్న నల్ల బూట్లు చూడటానికి భలే ఉన్నాయి. మొన సన్నగా, మెరుస్తూ, పెళ్ళికొడుకు వేసుకునేటట్టుంటాయి. వేసుకుంటే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున చెక్క మీద నిలబడినట్టుంటుంది. వారం ఓర్చుకున్నాను. తర్వాత వాటిని సీటు కింద పెట్టి చెప్పులతో డ్యూటీ చేసినాను. పుంగనూరు స్టాండులో చెకింగ్ ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు.

"యూనిఫారం ఏసుకొని కాళ్ళకు చెప్పులేందప్పా? నువ్వు కండక్టరువా, సంతకు పొయ్యేవానివా?" అన్నాడు.

"మడిమ నొప్పి సార్," అన్నాను.

"నొప్పి అందరికీ ఉండాది. నల్ల బూట్లు, పాలిషు. లేకుంటే ఇంటికి పో."

ఆ పూట వదిలేసినాడు. రెండోసారి పట్టుకున్నప్పుడు మెమో ఇచ్చినాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మూడోసారి చెప్పులతో కనపడితే తీసేస్తారని అందరూ చెప్పినారు. డాక్టరుకు చూపిస్తే, బూటు మెత్తగా ఉండాలి, వేళ్ళు ఆడాలి, మడమ కింద మందంగా మెత్త ఉండాలి అన్నాడు. అట్లాంటి బూట్లు ఎక్కడ దొరుకుతాయో ఆయన చెప్పలేదు. పుంగనూరులో అడిగితే తెల్ల గుడ్డ బూట్లు చూపించినారు, పిల్లలు ఆటలకు వేసుకునేవి. కుప్పంలో రబ్బరువి చూపించినారు, మధ్యాహ్నానికి కాళ్ళు ఉడికిపోయినాయి. మెత్తనివి నల్లగా ఉండవు, నల్లనివి మెత్తగా ఉండవు. నేను కుంటుతూ అంగళ్ళ వెంట తిరుగుతుంటే మునిరత్నం నాకు కుంటికోడి అని పేరు పెట్టినాడు.

అప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఉన్న జత గుర్తుకొచ్చింది. ఏ జతో నీకు తెలుసు. నాయన చేయించి పంపినవి.

అక్కా, ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అయినా రాస్తాను.

బూట్లు కరుస్తున్నాయని నేను మొదట్లో రాసిన ఉత్తరం నువ్వు చదివి వినిపిస్తే, నాయన మరుసటి రోజే గంగులప్ప దగ్గరికి పోయి కొలతకు కాలు పెట్టినాడంట. చీపురుపుల్లతో పొడవు, దారంతో చుట్టుకొలత తీసుకొని గంగులప్ప కుట్టినాడు. మదనపల్లె స్టాండులో ఆ మూట నా చేతికిస్తూ బావ చెప్పినాడు. "మామ ఏమన్న్యాడంటే, వాని కాలు నా కాలు ఒకటే అచ్చు, నన్ను కొలిస్తే వాన్ని కొలిసినట్లే అన్న్యాడు." అది నిజమే. మన ఇంట్లో మగవాళ్ళకు ఒకే జత చెప్పులుండేవి, గొర్రెల వెంట ఎవరు పోతే వాళ్ళు వేసుకొని పోయేవాళ్ళం. నాకు పదహారేళ్ళు వచ్చినాక నాయనకూ నాకూ అవి ఒకేరకంగా సరిపోయేవి.

బావ పోయినాక బూట్లు వేసుకొని చూసినాను. పొడవు సరిగ్గా ఉంది. పక్కల, పైన మాత్రం కాలు లోపల ఈదుతోంది. నాలుగు అడుగులు వేస్తే టపటపమని చప్పుడు. పక్కనున్న కండక్టర్లు నవ్వినారు. నాకు రోషం వచ్చింది. నా నోటి సంగతి నీకు తెలుసు కదా, నా చేతిరాత కూడా అంతే. మరుసటి రోజు నీకు రాసిన ఉత్తరంలో ఆ మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నాయన ఏ ఏనుగును నిలబెట్టి కొలిపించినాడో అడుగు. నాతోపాటు ఇంకొకడు కూడా ఈ బూట్లలో పట్టేటట్టున్నాడు. ఇంక నాకేమీ చేయించొద్దని చెప్పు." ఆ తర్వాత రెండు నెలలు నేను ఉత్తరమే రాయలేదు. రెండు నెలలకు నీ టెలిగ్రాం వచ్చింది.

పోయిన మంగళవారం మదనపల్లెలో బస్సు అరగంట ఆగితే, ఆ జతను సంచిలో వేసుకొని స్టాండు బయట బూట్లు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయినాను. చిన్నవి చేసి ఇమ్మన్నాను. ఆయన ఒకదాన్ని తీసుకొని లోపల చెయ్యి పెట్టి చాలాసేపు తడిమినాడు. తర్వాత నా కాలు తన ఒళ్ళో పెట్టుకొని పుల్లతో కొలిచినాడు, దారం చుట్టినాడు.

"కుట్టినోడు తెలిసినోడప్పా. లోపల గొర్రెతోలు ఏసినాడు సూడు, ఎంత మెత్తగా ఉండాదో," అన్నాడు.

"కొలత తప్పినాడు గదా," అన్నాను.

"కొలత తప్పలే. పొడుగు నీ కాలే. పక్కలు, మీదెత్తు, చీలమండకాడ మాత్రం ఎక్కువుండాది. పెద్ద కాలైతే పొడుగు గూడా పెరగల్ల గదా. ఇది వాసిన కాలు కొలిసి కుట్టింది. యెవురి కాలప్పా ఇది?"

నేను నా కాలు ఆయన ఒళ్ళో నుంచి తీసుకున్నాను.

"నీరు పట్టిన కాలు మాదిరి ఉండాది. డాక్టరుకు సూపించమని చెప్పు ఆయప్పకు," అన్నాడు ఆ పెద్దాయన.

అక్కా, ఆయన అంత మామూలుగా చెప్పినాడు. ఆయనకేం తెలుసు. నేను ఆయన ముందున్న పీట మీదనే కూర్చొని నా యూనిఫారం చొక్కాతో ముఖం కప్పుకొని ఏడ్చినాను. బస్సు హారన్ కొడుతున్నా లేవలేకపోయినాను. మునిరత్నం తిట్టుకుంటూ వచ్చి, నన్ను చూసి చెయ్యి పట్టుకొని తీసుకుపోయినాడు.

నాయన జబ్బు కబురు నా చేతికి వచ్చింది, అక్కా. పుల్లతో దారంతో కొలిచి, తోలుతో కుట్టి, మూటగట్టి పంపినట్టే వచ్చింది. కాలు ఎప్పటిలా లేదని ఆ బూట్లు చెప్తూనే ఉన్నాయి. నాయన కాలు ఎంతో నాకంటే తెలిసినవాడు ఎవడున్నాడు? ఒకే జత చెప్పులు వేసుకొని పెరిగినవాన్ని. పక్కలు ఎందుకు పెరిగినాయి అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, సెలవు పెట్టి వచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఉంటే, రెండు నెలలు టైముండింది. నేను ఏనుగు అని రాసి బూట్లు పెట్టెలో పడేసినాను. సాగనంపేముందు నాయన కాళ్ళు కడిగినప్పుడు ఆ వాపు చూసినాను. ఆఖరి రోజుల్లో వచ్చిందనుకున్నాను.

నిన్ను అనడానికి రాయడం లేదు. సాయంత్రమైతే కాళ్ళు బరువంటున్నాడని నువ్వు ఉప్పునీళ్ళు కాచి పెట్టినావు. గొర్రెల వెంట అంత దూరం నడిచేవాళ్ళ కాళ్ళు వాయకుండా ఉంటాయా అని అందరమూ అనుకున్నదే. గంగులప్పను కూడా ఏమీ అడగొద్దు. ఆయన కొలిచింది కొలిచినట్టే కుట్టినాడు. చూసి కూడా తెలుసుకోనివాన్ని నేనే.

ఇంకొకటి. పెద్దదినం నాడు నువ్వు గిన్నెలు తోముతూ నాతో చెప్పినావు, "వానికి బూట్లు సరిపోయినాయంటనా అని ఆఖరి వారం మూడుసార్లు అడిగినాడు రెడ్డెప్పా. ఉత్తరం రాలేదు నాయనా అని చెప్పినాను" అని. అప్పుడే నాకు తెలిసింది, నా ఉత్తరంలో ఆ మాటలు నువ్వు నాయనకు చదివి వినిపించలేదని, ఉత్తరమే దాచేసినావని. నన్ను ఒక్క మాట కూడా అనలేదు నువ్వు. ఆ మాటలు వినకుండా పోయినాడు నాయన, అది నీ పుణ్యం. కానీ జవాబు వినకుండా కూడా పోయినాడు, అది నా పాపం. ఆ పూట నీ ఎదురుగా కూర్చొని అన్నం తిన్నాను కానీ ఏమి తిన్నానో తెలియదు.

మళ్ళీ గురువారం ఆ పెద్దాయన దగ్గరికి పోయినాను. కోసి చిన్నవి చేయొద్దని చెప్పినాను. ఆయన ఇంకో ఉపాయం చెప్పినాడు. "మందంగా ఉన్ని ఏదన్న ఉంటే తీసకరా. కాలి అచ్చుకు కోసి లోపల పరస్తా, మడిమ కింద రెండు మడతలు ఏస్తా. జాగా ఎక్కువుండేదే నీకు మేలప్పా, లేకుంటే మెత్త యాడ పట్టేది?" అన్నాడు. డాక్టరు చెప్పింది కూడా అదే కదా. మూడు ఊళ్ళు తిరిగి వెతికిన బూట్లు నా పెట్టెలోనే ఉన్నాయి. నల్లగా, మెత్తగా, ఇన్‌స్పెక్టరు కూడా వంక పెట్టలేనట్టుగా.

అందుకని ఒకటి అడుగుతాను, కాదనొద్దు. నాయన కంబళి ఆయన పోయినప్పుడు చాకలికి ఇచ్చేసినాము. కానీ పాప పుట్టినప్పుడు దాని కొస కోసి ఉయ్యాలలో పరిచినావు కదా. అది ఉంటే పాపకు ఇంకేదన్నా పరిచి, ఆ ముక్కను బావతో పంపించు. రెండు పాదాలకు వస్తే చాలు. పాపకు కొత్త దుప్పటి నేను కొనిస్తాను. ఉతకొద్దు. ఎట్లుంటే అట్లనే పంపు. నెలాఖరులోగా అందితే నా ఉద్యోగానికి భయం లేదు.

నేను బాగానే ఉన్నాను, మళ్ళీ చెప్తున్నాను. రోజూ వేడి నీళ్ళలో కాలు పెడుతున్నాను, వేళకు తింటున్నాను. బావకు నమస్కారాలు చెప్పు. గంగులప్పకు ప్రత్యేకంగా చెప్పు, కుట్టు చాలా బాగుందని మదనపల్లె పెద్దాయన మెచ్చుకున్నాడని చెప్పు. వీధిలో పెద్దవాళ్ళందరికీ నా దండాలు. పాప నెత్తిన చెయ్యి పెట్టి మామ ముద్దు పెట్టినాడని చెప్పు. నువ్వూ బావా నన్ను దీవించండి, నా నోరు కొంచెం మంచిదవ్వాలని దీవించండి.

చివరగా ఒక పని. కంబళి ముక్క నాకు అందేదాకా ఆగొద్దు. ఈ శుక్రవారమే ఈ ఉత్తరం పట్టుకొని, చేని గట్టున నాయనను పెట్టిన చోటికి పో. ఉత్తరం వచ్చింది నాయనా అని చెప్పు. పైనదంతా చదవొద్దు. దాచేసిన ఉత్తరంలాగే అదంతా నీ దగ్గరే ఉండనీ. ఇదొక్కటే చదువు, కొంచెం గట్టిగా చదువు:

నాయనా, బూట్లు సరిపోయినాయి.

నీ తమ్ముడు,
రెడ్డెప్ప