మీ దగ్గరున్న మా రమణబాబు

డాక్టరు హైమావతి అమ్మగారికి నమస్కారాలు.

నా చేతిరాత బాగోదు, తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో చదివిన చదువే నాది, మన్నించండి.

హెచ్ఐవీ, హెపటైటిస్ సీ రెండూ ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్న మీ పరిశోధనకు రక్తం ఇస్తూ వచ్చిన రమణబాబు మా అబ్బాయి. పోయిన నెల చనిపోయాడు. అస్థికలు అర్పా నదిలో కలిపాం.

పెద్దకర్మ నాడు మీ నర్సమ్మ మా పేట దయాల్‌బంద్‌లో ఇంటికి వచ్చింది. బాబు ఇచ్చిన రక్తం ఇంకా మంచులో భద్రంగా ఉందని ఓదార్పుగా చెప్పింది. అప్పట్నుంచి మా ఆవిడకు నెమ్మది లేదు. "బిడ్డది కొంత మంచులో ఉంచీసి కర్మ అయిపోయిందంటే ఎలాగవుద్ది? ఎల్లి అడిగి తెండి, ఏట్లో కలిపీద్దాం" అంటోంది.

నాకేమో అది మీ దగ్గరే ఉండాలని ఉంది. వాడిది ఒకటి ఇంకా పనిలో ఉందనుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది. ఆవిడకు ఆ మాట నేను చెప్పలేకపోతున్నాను.

ఆ రక్తం వల్ల ఎవరికైనా మేలు జరుగుతుందా? మీరే రెండు ముక్కలు రాస్తే ఆవిడకు చదివి వినిపిస్తాను. జబ్బుల పేర్లు మాత్రం రాయకండి. లివరు పాడైందనే అమ్మకు చెప్పుకున్నాడు వాడు.

ఇక దాంతో పని లేదంటే అదీ దాచకుండా రాయండి, నేనే వచ్చి అడుగుతాను. తొందరగా రాయండమ్మా, ఆవిడ సరిగా అన్నం తినడం లేదు.

ఇట్లు,
రమణబాబు నాన్న