రొయ్యల పెట్టెలో బ్యాటరీలు

లడాఖ్,
19 జనవరి 2025.

చెంగయ్య అన్నకు, తమ్ముడు ఢిల్లీబాబు నమస్కరించి రాయునది. నేనిక్కడ క్షేమం. పులికాట్ ఒడ్డున అమ్మ, వదిన, నువ్వు, మన పడవ అందరూ క్షేమమని తలుస్తాను. ఈ కొండల్లో ఫోన్ సరిగా అందడం లేదు, అందుకే ఉత్తరం. మంచు తీసి రోడ్డు తెరిచారు. కిందికి వెళ్లే జీపులో దీన్ని పంపిస్తున్నాను.

నా పనేమిటని అడుగుతూ ఉంటావు కదా. ఈ ఊరికి కరెంటు లైను లేదు. చిన్న ఆసుపత్రి ఒకటుంది. పగలు సోలార్ పలకలు లిథియం బ్యాటరీలను నింపుతాయి, రాత్రి వాటి మీదే దీపాలు, ఆక్సిజన్ మిషను నడుస్తాయి. వాటిని చూసుకోవడమే నా ఉద్యోగం. నాది శ్రీహరికోట పక్క ఊరని తెలిశాక, నాకు రాకెట్ వదలడం కూడా వచ్చనుకుంటున్నారు. నేనూ కాదనలేదు.

ఈ బ్యాటరీలకు ఒక మొండితనం ఉంది. గడ్డకట్టే చలిలో ఉన్నది ఇస్తాయి గానీ కొత్తగా ఛార్జింగ్ తీసుకోవు. బలవంతంగా ఎక్కిస్తే లోపల పాడవుతాయి, అందుకే వాటంతటవే ఆపేసుకుంటాయి. వెచ్చగా ఉంచే ప్యాడ్లేమో మంచుకి రోడ్డు మూసుకుపోయి కిందే ఆగిపోయాయి. దాంతో నాకు తెలిసిన విద్యే చూపించాను. థర్మాకోల్ పెట్టెలో బ్యాటరీలు పెట్టి, సందుల్లో గడ్డి కుక్కి, మూతకు టేపు చుట్టేశాను, మనం రొయ్యల్ని చెన్నై లారీకెక్కించేటట్టు. మాటిమాటికీ మూత తీసినావంటే సరుకు పాడైపోతాది రా అని నువ్వు మొట్టికాయ వేసి నేర్పిన పాఠం ఊరికే పోలేదు.

ఆ రాత్రే, మన వైపు నుంచి పని కోసం వచ్చిన మనిషి ఒకడు జబ్బు పడ్డాడు. ఈ ఎత్తుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దింపుదామంటే దారి లేదు. ఆక్సిజన్ మిషను పెట్టారు. తెల్లారేసరికి బ్యాటరీలు అడుగంటాయి. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, ఒక్క చుక్క ఛార్జింగ్ ఎక్కడం లేదు. మిగిలింది ఒక చిన్న సిలిండరు. అది మధ్యాహ్నం దాకా వస్తే గొప్ప.

నర్సు డోల్కర్ పెట్టె తెరుద్దామంది. వద్దు, వెచ్చదనం పోతుందని నేనన్నాను. ఏ వెచ్చదనం అంటూ టేపు చించి లోపల చెయ్యి పెట్టింది. జివ్వుమని వెనక్కి లాక్కుంది.

నేను పెట్టె మూసింది పొద్దుగూకాక, బ్యాటరీలు చలికి బిగుసుకుపోయాక. పెట్టె ఏం చేస్తుంది పాపం, లోపల పెట్టిందాన్నే దాచింది. అవే రొయ్యలైతే నీకు మంచి ధర పలికేవి.

ఆమె పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి బ్యాటరీల పక్కన పేర్చి మూత పెట్టింది. సిలిండరు ముల్లు అడుక్కి దిగుతుండగా ఛార్జింగ్ దీపం పచ్చగా వెలిగింది. మిషను మళ్లీ మొదలైంది. ఆ మనిషి బతికాడు. ఇప్పుడిక్కడ అదే పద్ధతి: ముందు వేడినీళ్లు, ఆ తర్వాతే ఎండ. డోల్కర్ నన్ను రొయ్యల ఇంజనీరు అంటోంది.

అమ్మకు చెప్పు, వేళకు తింటున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు
ఢిల్లీబాబు

తా.క. అమ్మకు పై వరకే చదివి వినిపించు. ఈ ముక్క నీ ఒక్కడికే. ఆ జబ్బు మనిషిని నేనే. మూత తీయొద్దన్నది మంచం మీంచి, మాస్కు లోంచి. ఆమె నా మాట వినలేదు కాబట్టి నీకీ ఉత్తరం అందుతోంది. ఫోన్ బాగానే అందుతోంది, అన్నా. నాలుగు మాటలకే దగ్గు తెర వస్తోంది, అమ్మ ఇట్టే పట్టేస్తుంది. ఈ జీపులోనే నన్నూ లేహ్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. చాలా భయపడ్డాను. నువ్వు పడవ మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి ఫోన్ చెయ్యి. నేను దగ్గుతుంటే పెట్టేయకు.