వంకర పోయిన ఉలి

చిరంజీవి లోహితకు నాయన దీవించి రాసేది. ఇక్కడ ఐరాలలో మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అమ్మ చెనిక్కాయలు నూరి ఊరుబిండి పచ్చడి చేసింది. సగానికి పైగా నీకు కట్టి, మిగిలినదాని మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వడం లేదు. తిరుపతి హాస్టల్ తిండికి నువ్వు చిక్కి సగమయ్యావని ఆమె నమ్మకం. ఫోటో చూపించినా ఒప్పుకోదు.

నీ ఉత్తరం అందింది. "ఫోన్ చేస్తే రెండు మాటలకే పెట్టేస్తావు, నా మింద కోపమా నాయనా?" అని అడిగావు. కోపమెందుకమ్మా? మన వీధిలో సిగ్నల్ సంగతి నీకు తెలియనిదా? కొయ్యపని క్లాసులో నువ్వొక్కతే ఆడపిల్లవని బెంగపడకు. పట్టుకున్నది ఆడో మగో ఉలికి తెలియదు.

ఇక ఆ ఉలి సంగతి. నేను సానపట్టి పంపినదాని మొన ఒక పక్కకు వాలి ఉందని, మూలలు చెక్కడానికి మీ నాయన కావాలనే అలా పట్టాడని మీ సార్ అందరికీ చూపించి మెచ్చుకున్నారని రాశావు. అలాంటివే ఇంకొన్ని పంపమన్నావు. ఆ ముక్క పక్కింటి చిన్నబ్బకు చదివి వినిపించి మీసం కూడా దువ్వుకున్నాను. తరువాత కింద రాసింది చూశాను. పరీక్షలో ద్వారబంధం అతుకు ఆ ఉలితోనే చేస్తావట. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తల్లీ, అది పనితనం కాదు. తిన్నగా రావలసిన మొన వంకర పోయింది. దానితో బెజ్జం కొడితే పక్కలు వాలుతాయి, అతుకు బిగువుగా కూర్చోదు.

మొన సానచక్రానికి సమంగా ఆనితే ఒకటే సద్దు వస్తుంది. ఒక మూల ఎక్కువ తగిలితే కీచుమంటుంది. ఇన్నేళ్లూ ఆ సద్దును బట్టే పట్టాను. మొన తిన్నగా వచ్చిందా అని మూలమట్టం పెట్టి చూసుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల పని అని నా పొగరు. ఇప్పుడా సద్దు నాకు వినపడడం లేదమ్మా. ఫోన్‌లో నీ గొంతూ అంతే. సిగ్నల్ తప్పేమీ లేదు. నువ్వేమన్నావో తెలియక, మళ్లీ అడగడానికి సిగ్గేసి పెట్టేస్తున్నాను.

మీ అమ్మకూ చెప్పలేదు. నిన్న నీకోసం ఇంకో ఉలి పడుతుంటే వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది. మొన ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క భుజం తట్టింది. నేను బిత్తరపోయి చూస్తే చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"నీకు వినపడ్డం లేదని నాకు తెల్దనుకుంటివా? నువ్వు చెప్పకుంటే చక్రం చెప్పదా? శానా దినాలుగా సద్దు తేడాగా ఉండాది!"

పొయ్యి దగ్గర నుంచి ఇన్నేళ్లూ ఆమె కూడా విన్నదే కదా. నాకు ఏడుపొచ్చింది. కంట్లో ఉక్కు రజను పడిందన్నాను. నమ్మినట్టే ఊరుకుంది.

ఆ కొత్త ఉలి ఊరుబిండితో పాటు బస్సుకు వేస్తున్నాను. మూలమట్టం పెట్టి చూశాను, తిన్నగా ఉంది. పరీక్ష దానితో చెయ్యి. వంకరదాన్ని నువ్వే సానపట్టి సరిచెయ్యి. రెండు బొటనవేళ్ల బరువూ ఒకటిగా ఉండాలి. గట్టిగా అదమకు. మాటిమాటికీ నీళ్లలో ముంచు, ఉక్కు వేడెక్కి నీలం తిరిగితే పదును నిలవదు. సరి అయ్యాక దాన్ని నాకు పంపించు. ఇకమీదట నీ చేతి పదునుతోనే నేను పని చేస్తాను.

ఇట్లు,
నీ ఉలి కోసం ఎదురుచూసే నాయన,
దొరస్వామి