రేషన్ కార్డులో నీ పేరు

నాయనా,

ఈ రోజు రేషన్ కార్డులో నీ పేరు తీసేయించడానికి అమ్మా నేనూ తాలూకా ఆఫీసుకు వెళ్లాం. గనిలో అరిగిన నీ వేలిముద్రను మిషను పట్టలేదని పోయినేడు నేను బల్ల గుద్ది అరిచింది అక్కడే. గుమాస్తా గుర్తుపట్టాడు.

"ఏమప్పా, ఈ పొద్దు గలాటా లేదా?"

"లేదు సార్," అన్నాను.

నీ మరణపత్రం చూసి, "పేరు తీసేదానికి మీకేమీ అభ్యంతరం లేదని రాసియ్యప్పా," అన్నాడు.

ఇంకో రోజైతే, కరపత్రాల్లో చదివిన చట్టమంతా చెప్పి, చనిపోయిన మనిషికి ఈ కాగితం ఎందుకని నిలదీసేవాణ్ణి. అమ్మ నా చొక్కా పట్టుకుని, "రాసెయ్యప్పా, ఇంటికి పోదాము," అంది.

అభ్యంతరం లేదని రాసి, సంతకం పెట్టాను.

సర్కారు కాగితంలో నేను అబద్ధం రాయడం ఇదే మొదలు.